తాగి నడిపిన చావులు కాగితం మీద రెండున్నర శాతమేనా? వంకాయకి మాత్రం ఇన్నేళ్ల విచారణా?

సాగర్_రోడ్డు
కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022 నివేదిక తిరగేశాను. ఆ ఏడాది దేశంలో రోడ్డు మీద పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో తాగి నడపడం వల్ల అని రాసినవి 4,201. అంటే వందకి రెండున్నర. మా రోడ్డు మీద శనివారం రాత్రి పది దాటాక ఒక్క గంట నిలబడినవాడెవడూ ఈ లెక్క నమ్మడు.

ఇంకోపక్క బీటీ వంకాయ, అంటే పురుగుని చంపే బాక్టీరియా జన్యువు చేర్చిన వంకాయ. 2009 అక్టోబరులో ఇలాంటి పంటల్ని పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ సరే అంది, 2010 ఫిబ్రవరిలో అప్పటి మంత్రి జైరాం రమేశ్ ఆపేశారు. ఇప్పటికీ ఆగే ఉంది. జీఎం, అంటే జన్యుమార్పిడి ఆవాలకి 2022లో అనుమతిచ్చారు, 2024 జూలైలో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు, వ్యవహారం పెద్ద బెంచికి పోయింది. బంగ్లాదేశ్ వాళ్లు ఆ వంకాయ పదేళ్లుగా తింటున్నారు, చచ్చినవాడు ఒక్కడూ లేడు. తాగినవాడి బండి కింద పడి పోయినవాళ్లు మనకి వీధికొకరు తెలుసు. రెండింటినీ చూడాల్సింది ఒకే ప్రభుత్వం కదా. ఒకదాన్ని భూతద్దంలో చూసి ఇంకోదానికి కళ్లు మూసుకోవడం ఏంటి? తిట్టేవాళ్లు తిట్టండి, కానీ జవాబు చెప్పి తిట్టండి.

మిర్చిబజ్జీ
వంకాయ మీద ఎక్సైజ్ సుంకం ఉండుంటే 2010లోనే అనుమతి వచ్చేసేది.

నైట్‌డ్యూటీ
క్యాజువాలిటీలో చాలా ఏళ్లు చేశాను, ఏ ఊరో అడగకండి. ఆ రెండున్నర శాతం ఎలా పుడుతుందో చెబుతా.

బండి నడిపినవాడు స్పృహ లేకుండా వస్తాడు. మేం చూసేది ముందు ఊపిరి, తర్వాత రక్తస్రావం, తర్వాత తల స్కాను. రక్తం తీస్తాం, కానీ అది గ్రూపు కోసం, హిమోగ్లోబిన్ కోసం. ఆల్కహాల్ కోసం విడిగా తీసి, సీలు వేసి, ఫోరెన్సిక్ ల్యాబుకి పంపాలంటే పోలీసులు కాగితం మీద అడగాలి. ఆ కాగితం పట్టుకుని కానిస్టేబుల్ వచ్చేసరికి తెల్లారుతుంది. ఒంట్లో ఆల్కహాల్ గంటగంటకీ తగ్గిపోతూనే ఉంటుంది, వంద మిల్లీలీటర్ల రక్తంలో గంటకి పదిహేను, ఇరవై మిల్లీగ్రాముల చొప్పున. చట్టం పెట్టిన హద్దు ముప్పై. రాత్రి పదకొండుకి వంద ఉన్నవాడు పొద్దున ఆరుకి శుభ్రంగా ఉంటాడు.

ఇక ఎంఎల్‌సీ రిజిస్టరు, అంటే పోలీసు కేసయ్యే గాయాలు రాసే పుస్తకం. అందులో మద్యం వాసన ఉందని ఒక్క ముక్క రాయబోతే ఇంటివాళ్లు చెయ్యి పట్టుకుంటారు. బండి ఓనరుకి ఉండే పదిహేను లక్షల ప్రమాద బీమా తాగి ఉంటే రాదు మరి. పోయినవాడు ఎలాగూ పోయాడు, పిల్లలకి ఆ డబ్బన్నా రానివ్వండి డాక్టరు గారూ అంటారు. ఆ గడి చాలాసార్లు ఖాళీగానే ఉండిపోతుంది. ఆపైన స్టేషన్‌లో ప్రమాదానికి ఒక్క కారణమే రాసుకుంటారు. తాగి, తొంభైలో వెళ్లి డివైడర్‌ని గుద్దినవాడు అతివేగం ఖాతాలో పడతాడు. అదే నివేదికలో అతివేగం చావులు డెబ్బై శాతం పైన ఉన్నాయి, చూసుకోండి.

బెజవాడ_బుల్లెట్
అంటే డాక్టరు, పోలీసు, ఇంటివాళ్లు ముగ్గురూ కలిసి దాచేస్తున్నారన్నమాట. బాగుంది.

నైట్‌డ్యూటీ
బుల్లెట్ గారూ, దాచాలంటే ముందు తెలియాలి కదా. పరీక్షే చేయకపోతే దాచడానికి ఏముంది? డ్యూటీలో ఉన్నది ఇద్దరు హౌస్ సర్జన్లు, బయట ఆరు స్ట్రెచర్లు. మీరైతే ముందు దేని సంగతి చూస్తారు?

బెజవాడ_బుల్లెట్
సరే, డాక్టర్లని వదిలేశా. పోలీసుల్ని వదలను.

ఫ్రిస్కో_ఫణి
ఆ రెండున్నర శాతం ఎంత అబద్ధమో చెప్పడానికి ఇక్కడి లెక్క చాలు. అమెరికాలో 2022లో తాగి నడిపినందువల్ల పోయినవాళ్లు 13,524. మొత్తం రోడ్డు చావుల్లో దాదాపు మూడో వంతు. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో హద్దు ఎనభై, మన చట్టంలో ముప్పై. అంటే మన గీతే కింద ఉంది, ఎక్కువమంది దొరకాలి. మరి మనవాళ్లు వీళ్లకన్నా పన్నెండింతలు బుద్ధిమంతులా?

ఇక్కడ పోయిన డ్రైవర్లలో చాలామందికి రక్తపరీక్ష ఉంటుంది. లేనివాళ్లకి ప్రమాదం జరిగిన వేళ, వయసు, తీరు చూసి అంచనా కట్టి లెక్కలో కలుపుతారు. పరీక్ష లేదు కాబట్టి తాగలేదు అని రాసేయరు. తేడా అంతా అక్కడే ఉంది.

మిర్చిబజ్జీ
ఫణి గారూ, మనవాళ్ల వీకెండ్ పార్టీలు కూడా ఆ లెక్కలోకే వస్తాయా?

ఫ్రిస్కో_ఫణి
డీయూఐ, అంటే తాగి నడిపిన కేసు పడితే వీసా దగ్గర చుక్కలు కనిపిస్తాయి. అందుకే పార్టీకొకరు కోక్ తాగుతూ కూర్చుంటారు. మామూలుగా ఆ వంతు కొత్తగా దిగిన ఎమ్మెస్ కుర్రాడిదే.

కాగజ్‌నగర్_పత్తి
సాగర్ అన్నా, మీ పోస్టులో మొదటి సగం ఒప్పుకుంటా. రెండో సగం మాత్రం హైదరాబాదులో కూర్చుని రాసినట్టుంది. జీఎం ఆగిపోయిందని మీకెవరు చెప్పారు?

మా వైపు రండి, చూపిస్తా. గడ్డి మందు తట్టుకునే పత్తి, కేంద్రం అనుమతి లేనిది, ఏళ్ల తరబడి వేస్తున్నాం. బీజీ త్రీ అంటాం. లూజు సంచుల్లో వస్తుంది, కంపెనీ పేరుండదు, బిల్లుండదు. ఇదేం రహస్యం కాదు. 2017లో గొడవైతే కేంద్రమే కమిటీ వేసింది. ఏపీ, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ నాలుగు చోట్లా ఈ పత్తి ఉందని ఆ కమిటీయే తేల్చింది. తేల్చాక ఏమైందో మాకు ఇక్కడ కనబడలేదు. మళ్లీ ఏడాది మళ్లీ సంచి వచ్చింది.

ఎందుకు వేస్తారంటే కూలీ బాధ. వాన పట్టుకుందంటే గుంటుక తిరగదు. కలుపు తీసే మనుషులు దొరకరు, దొరికినా ఒక్కసారితో అయ్యే పని కాదు. గ్లైఫోసేట్ కొడితే గడ్డి పోతుంది, పత్తి నిలబడుతుంది. ఆ మందు మీద కూడా 2022లో ఆంక్ష పెట్టారు. దాన్ని పెస్ట్ కంట్రోల్ వాళ్లే కొట్టాలన్నారు. మా మండలంలో ఆ పెస్ట్ కంట్రోల్ ఆయన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు.

బాధ ఎక్కడంటే, మొలవకపోతే ఎవరిని అడగాలి? చేతిలో బిల్లు లేదు, వేసిందే దొంగ విత్తనం. వ్యవసాయాధికారి దగ్గరికి పోతే ముందు మనమే దొరుకుతాం. టాస్క్‌ఫోర్స్ దాడుల్లో పట్టుబడేది ఆటోలో సంచి మోసుకొచ్చిన కుర్రాడు. వాడి మీద పీడీ యాక్టు. సంచి నింపి పంపినవాడి పేరు పేపర్లో రాగా నేను చూడలేదు.

సాగర్_రోడ్డు
అయితే ఆపామన్నది కూడా ఆగలేదు. నా వాదనే ఇంకా గట్టిపడింది. అన్నేళ్ల విచారణ ఎవరి కోసం మరి?

మొలక
గట్టిపడలేదు సాగర్ గారూ, వేరే వైపు తిరిగింది. ఒక్కడూ చావలేదు కదా అన్న కొలత మద్యానికి సరిపోతుంది. బాధితుడు ఆ రాత్రే కనబడతాడు. విత్తనం చేసే నష్టం అలా ఉండదు.

బీటీ పత్తినే తీసుకోండి. 2002 మార్చిలో అనుమతి వచ్చింది. షరతు ఏంటంటే చేను చుట్టూ బీటీ కాని పత్తి వేయాలి, ఐదు వరసలో, ఇరవై శాతం విస్తీర్ణమో, ఏది ఎక్కువైతే అది. పురుగులన్నీ బీటీ విషానికి అలవాటు పడిపోకుండా కొన్నింటిని మామూలు మొక్కల మీద బతకనివ్వడానికి. 450 గ్రాముల ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఇచ్చేవారు దీనికే. ఆ పొట్లం ఎంతమంది విత్తారు? కాగజ్‌నగర్ అన్న నిజం చెప్పాలి.

కాగజ్‌నగర్_పత్తి
గట్టు మీద పారేసేవాళ్లం. అదెందుకో షాపువాడు చెప్పలేదు, మేము అడగలేదు. చెప్పినా వేసేవాళ్లం కాదేమో. ఎకరంలో ఐదో వంతు పురుగులకి వదలమంటే ఎవడు వదులుతాడు?

మొలక
అదీ సంగతి. చూడాల్సినవాడు చూడలేదు. పదేళ్లు తిరగకుండానే గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీని తట్టుకోవడం మొదలుపెట్టింది, తర్వాత రెండో రకాన్ని కూడా. ఇప్పుడు మీరు బీటీ విత్తనం డబ్బూ కడుతున్నారు, పురుగుమందు డబ్బూ కడుతున్నారు. ఇది ఏ ప్రమాదాల నివేదికలోనూ రాదు. పత్తి వేసినవాళ్లందరి జేబులోంచి కొంచెం కొంచెంగా పోయింది.

చట్టం లేక కాదు. 1986 పర్యావరణ చట్టం ఉంది, దాని కింద 1989 నిబంధనలు ఉన్నాయి. ఢిల్లీలో జీఈఏసీ, రాష్ట్రంలో ఒక కమిటీ, జిల్లాలో కలెక్టరు అధ్యక్షుడిగా ఇంకో కమిటీ. మీ జిల్లాలో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో కనుక్కోండి, నవ్వొస్తుంది. పాత చట్టంలో ఉల్లంఘనకి ఐదేళ్ల దాకా జైలు ఉండేది. జన్ విశ్వాస్ చట్టంతో అదీ తీసేసి పదివేల నుంచి పదిహేను లక్షల వరకు జరిమానా చేశారు.

వంకాయ దగ్గరికి వస్తే, దాని అడవి చుట్టాలు మన దేశంలోనే ఉన్నాయి. బీటీ పుప్పొడి వాటికి చేరితే ఏమవుతుందన్న ప్రశ్న బంగ్లాదేశ్ భోజనంతో తేలేది కాదు. హైదరాబాదులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థని కట్టిన పుష్ప భార్గవ గారిని సుప్రీంకోర్టు 2008లో జీఈఏసీలో కూర్చోబెట్టింది. ఆయన చివరిదాకా అడిగింది ఒకటే. పరీక్షలు కంపెనీ చేసుకుని కాగితాలు తెస్తే వాటిని చూసి ముద్ర వేయడం కాదు, స్వతంత్రంగా పరీక్షించే ల్యాబు ఏది అని.

మిర్చిబజ్జీ
కంపెనీయే పరీక్ష చేసుకోవడం అంటే బ్రీత్ అనలైజర్ బారు ఓనరు చేతికిచ్చి మీ కస్టమర్లు బాగానే ఉన్నారా అని అడగడమే.

సన్నబియ్యం
మొలక గారు చెప్పనిది ఒకటి ఉంది. 2022 మార్చిలో కేంద్రం జన్యు సవరణ పంటల్లో రెండు తరగతుల్ని ఆ 1989 నిబంధనల్లోంచి చాలావరకు తప్పించింది. బయటి జన్యువు చేర్చలేదు కాబట్టి జీఈఏసీ దాకా వెళ్లక్కర్లేదని. ఆ దారిలోనే 2025 మేలో రెండు వరి రకాలు విడుదల చేశారు. ఒకటి మన రాజేంద్రనగర్ వరి సంస్థది, సాంబ మసూరి నుంచి చేసిన కమల. ఇంకోటి కాటన్ దొర సన్నాల నుంచి చేసింది. రెండింటి అసలు తల్లి వంగడాలూ మన బాపట్ల, మారుటేరు సరుకే. కమల దిగుబడి ఎక్కువ, ముందే కోతకి వస్తుంది అంటున్నారు. వంకాయకి ఏడు ఊళ్లలో సభలు పెట్టి అడిగారు, హైదరాబాదులో కూడా. రోజూ తినే అన్నానికి ఒక్క సభ లేదు.

మొలక
సన్నబియ్యం గారూ, అది వేరే సంగతి. ఉన్న జన్యువులో చిన్న మార్పు ప్రకృతిలోనూ జరుగుతుంది. దానికీ బీటీకీ ఒకే తక్కెడ పెట్టడం నాకు సరి అనిపించదు. పరీక్ష వివరాలు బయట పెట్టాలన్నంత వరకు మీతోనే ఉన్నా.

గొల్లవాడ_వరంగల్
పరీక్షల మాట వచ్చింది కాబట్టి. 2006లో మా వైపు పత్తి ఏరడం అయిపోయిన చేలల్లో మేసిన గొర్రెలు చచ్చిపోయాయి. మా బాబాయి మంద కూడా. మూడు నాలుగు రోజులు మేశాయి, పొట్ట ఉబ్బి, ముక్కు కారి పడిపోయాయి. బీటీ ఆకు తినే అని ఊళ్లో అందరూ అన్నారు. పేపర్లలో కూడా వచ్చింది. తర్వాత బీటీ చేలల్లో మేపొద్దని పశుసంవర్ధక శాఖ సలహా ఇచ్చింది. ఢిల్లీ వాళ్లేమో బీటీ కారణం కాదన్నారు. కాకపోతే మేపొద్దని ఎందుకు చెప్పినట్టు?

మొలక
అప్పటి నమూనాల్లో నైట్రేట్లు, పురుగుమందు అవశేషాలు కనబడ్డాయి. జీఈఏసీ అటే మొగ్గింది. ఆ బీటీ ప్రోటీన్ పని చేసేది క్షారం ఎక్కువున్న పురుగు పేగులో. గొర్రె పొట్టలో దానికి పట్టు దొరకదు. పత్తి మీద ఆ రోజుల్లో కొట్టిన మందుల జాబితా చూస్తే నాకు అనుమానం వాటి మీదే. మేపొద్దన్న సలహాకి ఆ మందులు చాలు.

గొల్లవాడ_వరంగల్
మీరు చదువుకున్నారు, అయ్యుండొచ్చు. కానీ చచ్చిన గొర్రెల్లో ఎన్నింటిని కోసి చూశారు? మా బాబాయి మందలో ఒక్కదాన్నీ చూడలేదు. ఏం తిని చచ్చిందో రాసిన కాగితం మా ఇంటికి రాలేదు, పైసా రాలేదు.

నైట్‌డ్యూటీ
గొల్లవాడ గారి మాట చదివితే మా రిజిస్టరే గుర్తొస్తోంది. పరీక్ష చేయలేదు కాబట్టి ఆధారం లేదు, ఆధారం లేదు కాబట్టి సమస్య లేదు. మొలక గారి సైన్సు సరైనదే కావచ్చు. అయినా గొల్లవాడ గారికి కోపం రావడంలో తప్పు లేదు.

కోర్టు_హాలు_3
చట్టం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే పదివేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ. మళ్లీ దొరికితే పదిహేను వేలు, రెండేళ్ల దాకా. ఇది కేవలం తాగి నడిపినందుకు. మనిషి చనిపోతే అసలు ప్రశ్న నిర్లక్ష్యమా, ప్రాణం పోతుందని తెలిసీ చేసిన పనా అన్నది. నిర్లక్ష్యం అయితే పాత 304ఏ కింద రెండేళ్లే, కొత్త న్యాయ సంహిత 106లో ఐదేళ్లకి పెంచారు. ముంబైలో 2006లో తాగి ఫుట్‌పాత్ మీద కూలీల పైకి కారెక్కించి ఏడుగుర్ని చంపిన కేసులో సుప్రీంకోర్టు రెండో దారి పట్టింది. అంతా అయ్యాక 2012లో ఖాయమైంది మూడేళ్లు.

రెండో దారి పట్టాలంటే తాగాడని రుజువు కావాలి. రుజువంటే నైట్‌డ్యూటీ గారు చెప్పిన ఆ సీలు వేసిన రక్తం సీసా. అది లేకపోతే నా లాంటి వకీలు సాక్షిని పది నిమిషాల్లో కూర్చోబెట్టేస్తాడు. నేను రెండు వైపులా వాదించాను, అందుకే చెబుతున్నా.

బెజవాడ_బుల్లెట్
డ్రంకెన్ డ్రైవ్‌లో బండి లాగేసుకుంటారు కదా, అది సరైనదేనా? మా ఫ్రెండుది పట్టుకుపోయారు, పక్కన వాళ్లావిడ లైసెన్సుతో సహా ఉంది, తాగలేదు కూడా.

కోర్టు_హాలు_3
2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. పక్కన తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే బండి వాళ్లకివ్వాలి. లేకపోతే దగ్గరివాళ్లని పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే స్టేషన్‌కి తీసుకెళ్లాలి. ఆ ఆర్డరు కాపీ ఫోన్లో పెట్టుకోమనండి. తాగకుండా ఉండమంటే వినరు కదా.

మిర్చిబజ్జీ
ఆ భార్యని ఇంటికి తీసుకెళ్లనిచ్చి ఉంటే అసలు శిక్ష అక్కడ పడేది.

కర్నూలు_బైపాస్
2025 అక్టోబరు 24 తెల్లవారుజాము, చిన్నటేకూరు. మాకు దగ్గరే. బైకు మీద వెళ్తున్నవాడు డివైడర్‌కి కొట్టుకుని అక్కడే పోయాడు. బైకు రోడ్డు మధ్యలో పడి ఉంది. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే స్లీపర్ బస్సు దాన్ని ఈడ్చుకుపోయింది, నిప్పంటుకుంది, బస్సులో పందొమ్మిది మంది కాలిపోయారు. బైకువాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్‌లో తేలింది. నైట్‌డ్యూటీ గారి లెక్కలో చూడండి. బస్సు లేకుండా వాడొక్కడే పోయి ఉంటే ఆ రక్తం పరీక్షకి అంత తొందరగా వెళ్లేదా? అతివేగం అని రాసి ఫైలు కట్టేసేవారు.

తాగినవాడిదే తప్పంటే కూడా నేనొప్పుకోను. పడిన బైకుని పక్కకి లాగే గస్తీ బండి ఏది? ఆ బస్సు రిజిస్ట్రేషన్ ఒక చోట, తిరిగేది ఇంకో చోట. అద్దం పగలగొట్టుకుని బయటపడ్డవాళ్లు బతికారు.

రాణెమ్మ_కావలి
మగవాళ్లంతా సెక్షన్లు, మిల్లీగ్రాములు చెబుతున్నారు. అమ్మేది ఎవరో ఎవరూ అడగరేం? మా జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వేలంపాటలు ఆపిస్తే 93లో సారా పోయింది, 95లో మొత్తం మద్యం పోయింది, 97కల్లా ఖజానాకి డబ్బుల్లేవని మళ్లీ తెచ్చారు. ఒక ప్రభుత్వం షాపులు తానే నడిపింది. 2024 అక్టోబరు నుంచి మళ్లీ ప్రైవేటుకిచ్చి క్వార్టరు తొంభై తొమ్మిదికి పెట్టారు. ఎవరొచ్చినా ఆ ఆదాయం మీదే కన్ను.

సుప్రీంకోర్టు 2016లో హైవే నుంచి ఐదు వందల మీటర్ల లోపు మద్యం అమ్మొద్దంది. చాలా సంతోషించాను. 2017లో చిన్న ఊళ్లకి దూరం తగ్గించింది, తర్వాత మున్సిపాలిటీల లోపల ఆ రూలే లేదంది. బెల్టు షాపుకి ఏ రూలూ లేదు, కిళ్లీ కొట్లో, ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంటుంది. పట్టణంలో ఊదిస్తారు. ఊరి రోడ్డు మీద ఊదించేవాడు ఎవడు?

సాగర్_రోడ్డు
రాణెమ్మ గారూ, మళ్లీ నిషేధం అంటారా? 95లో ఏమైందో చూశాం కదా, పక్క రాష్ట్రం నుంచి దొంగ సరుకు.

రాణెమ్మ_కావలి
నిషేధం అనలేదు బాబూ. బండి రోడ్డు పక్కన ఆపుకుని తాగే చోట అమ్మొద్దంటున్నా.

కాగజ్‌నగర్_పత్తి
దొంగ సరుకు అనగానే మా సంచి గుర్తొచ్చింది. అక్కా, మీ బెల్టు షాపూ మా లూజు విత్తనమూ మా ఊళ్లో ఒకే మనిషి అమ్ముతాడు. నిజంగా. వానాకాలం ముందు విత్తనం, మిగతా కాలం క్వార్టర్లు.

మిర్చిబజ్జీ
ఆయనకి రెండు శాఖల నుంచి రెండు అవార్డులు ఇప్పించాలి.

సాగర్_రోడ్డు
సరే, కొట్లాడింది చాలు. మన జిల్లాలో ఎవరైనా చేయగలిగేది ఏదైనా ఉందా? కోర్టు హాలు గారూ?

కోర్టు_హాలు_3
సమాచార హక్కు దరఖాస్తు. రెండు వేయండి. ఒకటి ఎస్పీ ఆఫీసుకి, లేదా మీది కమిషనరేట్ అయితే అక్కడికి. గడిచిన క్యాలెండరు ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన డ్రైవర్లు ఎందరు, వారిలో ఎందరి రక్తాన్ని ఆల్కహాల్ పరీక్షకి పంపారు, ఎన్ని రిపోర్టులు వచ్చాయి. ఎందరు తాగి ఉన్నారని అడగొద్దు, ఆ సంఖ్య నివేదికలో ఇచ్చేసి చేతులు దులుపుకుంటారు. ఎందరికి పరీక్ష చేశారని అడగండి. రెండోది కలెక్టరేట్‌కి, జీఎం పంటల జిల్లా కమిటీ సభ్యుల పేర్లు, సమావేశాల తేదీలు, మినిట్స్ నకళ్లు. జిల్లా ఆఫీసుకి ఫీజు పది రూపాయలు, మండలానికైతే ఐదు, పంచాయతీకి అసలు లేదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే అదే ఆఫీసులో మొదటి అప్పీలు వేయండి.

కర్నూలు_బైపాస్
ఎస్పీ ఆఫీసుది నేను వేస్తా.

గొల్లవాడ_వరంగల్
ఇక్కడ కలెక్టరేట్‌ది నాది. కమిటీలో పశువుల డాక్టరు ఉన్నాడా లేడా అది కూడా అడుగుతా.

నైట్‌డ్యూటీ
బైపాస్ గారూ, ఒక లైను కలపండి. పరీక్షకి పంపిన ప్రతి నమూనాకీ ప్రమాదం జరిగిన టైము, రక్తం తీసిన టైము రెండూ ఇవ్వమనండి. మధ్యలో ఆరేడు గంటలుంటే ఆ రిపోర్టుతో పని లేదు. ఇవ్వలేం అంటే అలా అని రాసి ఇవ్వమనండి.